అడ్వైస్, అడ్వైజ్: ఈ జంటతో ఒక డిక్షనరీకి పెట్టిన పరీక్ష

ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం చేసిన డిక్షనరీ ఏది చేతికొచ్చినా నేను ముందు తెరిచేది ఒకటే చోటు. సలహాకు సంబంధించిన రెండు పదాలు దగ్గరదగ్గరగా ఉండే చోటు అది. ఒకటి సి అక్షరంతో రాసే అడ్వైస్, ఇంకోటి ఎస్ అక్షరంతో రాసే అడ్వైజ్. వాటి మధ్యలో ‘అడ్వైజబుల్’ లాంటిది ఒకటో రెండో దూరుతుంది, అంతే. ఈ రెండింటినీ సరిగ్గా విడదీసి చూపించగలిగిన డిక్షనరీని మిగతా విషయాల్లోనూ నమ్మొచ్చన్నది నా అభిప్రాయం.

వేరేవాళ్లు రాసిన ఇంగ్లీషు ఉత్తరాలు, రిపోర్టులు బయటికి వెళ్లేముందు చదివి సరిచేయడం నా ఉద్యోగం. ఈ జంట రోజూ ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటుంది. పెద్ద చదువులు చదివినవాళ్లు, ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే పనిచేస్తున్నవాళ్లు కూడా ఇక్కడ తడబడతారు. వాళ్లకు తెలివి తక్కువై కాదు. ఈ తేడాను మనకు నేర్పిన పద్ధతే సగంలో ఆగిపోయింది. “సి ఉంటే నామవాచకం, ఎస్ ఉంటే క్రియ” అని ఒక్క వాక్యం చెప్పి వదిలేశారు. ఆ మాట నిజమే. కానీ అసలు కథ దాని తర్వాతే మొదలవుతుంది. ఆ కథను ఓపిగ్గా చెప్పే పుస్తకంగా నేను ఎక్కువగా వాడేది ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ. దాని పదో ఎడిషన్ 2020లో వచ్చింది. అచ్చు పుస్తకంతో పాటు వెబ్‌సైటులోనూ చూసుకోవచ్చు. ఈ రివ్యూ దాని గురించే. మధ్యలో ఇంకో డిక్షనరీని కూడా పక్కన పెట్టి చూస్తాను.

ముందు శబ్దం సంగతి. తికమక మొదలయ్యేది ఇక్కడే. ఎస్ అనే అక్షరం చూడగానే మన నోరు ‘స’ అనడానికి సిద్ధమవుతుంది. కానీ ఈ జంటలో ‘స’ పలికేది సి ఉన్న పదం. ఎస్ ఉన్న పదం చివర ‘జ్’కు దగ్గరగా పలుకుతుంది. అంటే అక్షరం చెప్పేది ఒకటి, చెవికి వినిపించేది ఇంకొకటి. ఆ ‘జ్’ కూడా అచ్చంగా మన ‘జ’ కాదు. మన ‘జ’ పలికేటప్పుడు నాలుక పైకి వెళ్లి తగులుతుంది. ఇక్కడ తగలకూడదు. ‘స్’ అని సాగదీస్తూ, అలాగే గొంతు కలిపితే వచ్చే శబ్దం అది. తెలుగులో దానికి అక్షరం లేదు కాబట్టి రెండు పదాలనూ చాలామంది ఒకేలా పలుకుతారు. ఒకేలా పలికినవాటిని రాసేటప్పుడు వేరుగా రాయాలంటే కష్టమే కదా!

డిక్షనరీ వెబ్‌సైటులో ప్రతి పదం పక్కనా రెండు స్పీకర్ బొమ్మలుంటాయి. ఒకటి బ్రిటిష్ ఉచ్చారణకు, ఒకటి అమెరికన్ ఉచ్చారణకు. ఈ రెండు పదాల దగ్గరా ఆ బొమ్మలు నొక్కి, ఒకదాని వెంట ఒకటి వినమని నేను అందరికీ చెప్తాను. చివరి శబ్దం మీదే కాకుండా దాని ముందున్న ‘ఐ’ మీద కూడా చెవి పెట్టాలి. అడ్వైస్‌లో ఆ ‘ఐ’ పొట్టిగా తెగిపోతుంది. అడ్వైజ్‌లో కాస్త సాగుతుంది. ఇంగ్లీషులో ‘స్’, ‘ట్’, ‘క్’ లాంటి గొంతు కలవని శబ్దాల ముందు అచ్చు పొట్టిదవుతుంది. గొంతు కలిసే శబ్దాల ముందు పొడుగు నిలుస్తుంది. చివరి ‘జ్’ సరిగ్గా పలకలేనివాళ్లు కూడా ‘ఐ’ని కొంచెం సాగదీస్తే చాలు, వినేవాళ్లు ఏ పదమో పోల్చుకుంటారు. ఈ చిట్కా డిక్షనరీలో రాసి ఉండదు, ఆడియో విని పట్టుకోవాల్సిందే. రెండు ఉచ్చారణలూ రికార్డు చేసి పెట్టడం వల్ల ఆ అవకాశం దొరికింది.

ఇప్పుడు అర్థం దగ్గరికి వస్తే, అడ్వైస్ అంటే సలహా, అడ్వైజ్ అంటే సలహా ఇవ్వడం. మామూలు ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు ఇక్కడితో ఆగుతుంది. లెర్నర్స్ డిక్షనరీ విలువ దీని తర్వాత వచ్చే చిన్న చిన్న గుర్తుల్లో ఉంది. అడ్వైస్ పక్కన అన్‌కౌంటబుల్ అని ఒక గుర్తు. లెక్కపెట్టడానికి వీల్లేని నామవాచకం అని దానర్థం. చాలామంది కళ్లు ఈ గుర్తును దాటేసి నేరుగా అర్థం మీదికి పోతాయి. నన్నడిగితే ఆ ఎంట్రీ మొత్తంలో మనకు అన్నిటికంటే పనికొచ్చేది ఆ గుర్తే.

ఎందుకంటే మన భాషలో సలహాలు బోలెడు. ఒక సలహా, రెండు సలహాలు, ఉచిత సలహాలు, పనికిమాలిన సలహాలు, అన్నీ లెక్కపెట్టుకోవచ్చు. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్ల చేతి నుంచి ‘మెనీ అడ్వైసెస్’, ‘యాన్ అడ్వైస్’ అలవోకగా వచ్చేస్తాయి. ఇంగ్లీషులో ఈ పదానికి బహువచనం రాదు, ముందు ‘యాన్’ పెట్టరు. ఒకటైనా పదైనా ‘సమ్ అడ్వైస్’, ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’. ఒక్కటే అని కచ్చితంగా చెప్పాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’ అనాలి. వెనక వచ్చే క్రియ కూడా ఏకవచనంలోనే ఉండాలి. పది మంది పది రకాలుగా చెప్పినా ‘దైర్ అడ్వైస్ వాజ్’ అనే రాస్తాం, ‘వర్’ రాదు. దాన్ని మళ్లీ ప్రస్తావించేటప్పుడు ‘ఇట్’ అంటాం, ‘దెమ్’ అనం.

ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, ఎక్విప్‌మెంట్, హోమ్‌వర్క్ కూడా ఈ కోవలోవే. ఒకసారి వీటిని ఒక గుంపుగా మనసులో పెట్టుకుంటే అడ్వైస్ ఒంటరిగా వేధించదు. లెక్క చెప్పి తీరాలి అనుకున్నప్పుడు నేను వేరే పదానికి మారిపోతాను. ‘త్రీ సజెషన్స్’ అనొచ్చు, ‘త్రీ టిప్స్’ అనొచ్చు. ‘త్రీ పీసెస్ ఆఫ్ అడ్వైస్’ తప్పేమీ కాదు గానీ ఒక పేజీలో రెండు మూడుసార్లు వస్తే చదవడానికి బరువుగా ఉంటుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బ్యాంకు, వ్యాపార కాగితాల మీద పనిచేసేవాళ్లు ‘పేమెంట్ అడ్వైస్’, ‘క్రెడిట్ అడ్వైస్’ అనే మాటలు చూసే ఉంటారు. అక్కడ అడ్వైస్ అంటే సలహా కాదు. డబ్బు జమ అయిందనో, సరుకు బయల్దేరిందనో తెలియజేసే అధికారిక చీటీ. కాగితాలు కాబట్టి లెక్కపెడతారు, కాబట్టి బహువచనమూ కనిపిస్తుంది. అకౌంట్స్ విభాగం వాళ్లతో “ఆ పదానికి బహువచనం లేనే లేదు” అని వాదానికి దిగేముందు ఇది గుర్తుంచుకోవాలి. వాళ్లు చూసిందీ నిజమే, అది వేరే అర్థంలో.

ఇక క్రియ. ఈ డిక్షనరీ పుట్టిందే క్రియల కోసం అంటే నమ్మాలి. దీన్ని మొదట తయారుచేసిన ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు టీచరు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లకు పదం అర్థం తెలిస్తే సరిపోదని, ఆ పదం వాక్యంలో తన పక్కన ఏమేం కోరుకుంటుందో చెప్పాలని ఆయన పట్టుబట్టారు. ఇ. వి. గేటెన్‌బీ, హెచ్. వేక్‌ఫీల్డ్ అనే ఇద్దరితో కలిసి ఆయన చేసిన పుస్తకం 1942లో టోక్యోలో అచ్చయింది. ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ దాన్ని 1948లో తన పేరుతో తెచ్చింది. క్రియలు ఏయే వాక్య నమూనాల్లో ఒదుగుతాయో ‘వెర్బ్ ప్యాటర్న్స్’ పేరుతో వర్గీకరించడమే దాని ప్రత్యేకత. ఎడిషన్లు మారాయి, గుర్తులు మారాయి, ఆ పట్టుదల మాత్రం ఇప్పటికీ ప్రతి క్రియ దగ్గరా కనిపిస్తుంది.

దాని ఉపయోగం ఎంతటిదో ఒక ఉదాహరణతో చెప్తాను. మా ఆఫీసులో ఒక అమ్మాయి సెలవు చీటీ రాసి చూడమని తెచ్చింది. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నారని చెప్పడం తన ఉద్దేశం. వాక్యం ఇలా ఉంది: ‘ది డాక్టర్ అడ్వైస్డ్ టు మీ టు టేక్ రెస్ట్’. అడ్వైస్డ్‌లో సి రాసింది. కంప్యూటర్ కింద ఎర్రగీత గీసింది కాబట్టి సి తీసి ఎస్ పెట్టుకుంది. గీత పోయింది.

“ఇప్పుడు సరిగ్గానే ఉంది కదక్కా?” అంది.

“స్పెల్లింగు సరిపోయింది. ఆ మొదటి ‘టు’ ఎందుకు పెట్టావు?”

“నాకు చెప్పారు కదా, ‘నాకు’ అంటే ‘టు మీ’ కదా?”

అదే అసలు జవాబు. తెలుగులో సలహా ‘నాకు’ ఇస్తారు, ‘కు’ ఉంటుంది. ఇంగ్లీషులో అడ్వైజ్ అనే క్రియ మనిషిని నేరుగా పట్టుకుంటుంది, మధ్యలో ఏ విభక్తీ అక్కర్లేదు. నేను ఆమెతో వాదించలేదు, డిక్షనరీలో అడ్వైజ్ తెరిచి ఇచ్చాను. అక్కడ నల్లటి అక్షరాల్లో వరసగా ఉన్నాయి: అడ్వైజ్ సమ్‌బడీ టు డూ సమ్‌థింగ్, అడ్వైజ్ సమ్‌బడీ అగైన్‌స్ట్ సమ్‌థింగ్, అడ్వైజ్ డూయింగ్ సమ్‌థింగ్, అడ్వైజ్ దట్. తనే చదువుకుని మొదటి ‘టు’ కొట్టేసింది. ‘ది డాక్టర్ అడ్వైజ్డ్ మీ టు టేక్ రెస్ట్’. నేను నియమం చెప్పి ఉంటే వారంలో మర్చిపోయేది. ఆ అచ్చు వాక్యాన్ని కళ్లతో చూసింది కాబట్టి ఆ తర్వాత తన ఉత్తరాల్లో ఆ ‘టు’ నాకు మళ్లీ కనపడలేదు.

ఆ వరసలో ఒక్కొక్కటీ ఒక్కో అవసరం తీరుస్తుంది. ఎవరికి చెప్తున్నామో ముఖ్యమైతే మొదటిది. ఫలానా మనిషి అని కాకుండా అందరికీ వర్తించేలా చెప్పాలంటే ‘అడ్వైజ్ బుకింగ్ ఎర్లీ’ లాంటి రూపం, మనిషి ప్రస్తావనే ఉండదు. వద్దని చెప్పడానికి ‘అగైన్‌స్ట్’ ఉన్న రూపం చాలా చక్కనిది. ‘అడ్వైజ్డ్ హిమ్ అగైన్‌స్ట్ సైనింగ్’ అంటే సంతకం పెట్టొద్దని చెప్పారని. మనవాళ్లు దీన్ని దాదాపు వాడరు, ‘నాట్ టు సైన్’ తోనే సరిపెట్టుకుంటారు. అదీ తప్పు కాదు. ‘అగైన్‌స్ట్’ కూడా చేతిలో ఉంటే మాత్రం వాక్యం బిగువుగా వస్తుంది. ‘దట్’తో వచ్చే రూపంలో ఒక సూక్ష్మం ఉంది. దాని తర్వాత క్రియ మూలరూపంలో రావచ్చు, లేదా ‘షుడ్’తో రావచ్చు. ‘అడ్వైజ్ దట్ హీ వెయిట్’ అని చూసి అక్కడ ‘వెయిట్స్’ ఉండాలని దిద్దబోయేవాళ్లున్నారు. దిద్దక్కర్లేదు.

అడ్వైజ్‌కు ఇంకో అర్థం కూడా ఉంది. ఆఫీసు ఉత్తరాల్లో ఎక్కువ కనిపించేది అదే. అధికారికంగా తెలియజేయడం. ‘ప్లీజ్ అడ్వైజ్ అస్ ఆఫ్ ఎనీ చేంజ్’ అంటే మార్పు ఏదైనా ఉంటే మాకు తెలపండి అని. అక్కడ సలహా అడగడం లేదు. ‘ఆఫ్’ అనే చిన్న మాట ఆ అర్థాన్ని పట్టిస్తుంది. డిక్షనరీ దీన్ని వేరే నంబరు కింద, ఫార్మల్ అనే గుర్తుతో చూపిస్తుంది. ఈ నంబరు చూడనివాళ్లు ఎదుటివాళ్లు సలహా అడిగారనుకుని, తమ అభిప్రాయాలన్నీ పొడుగ్గా రాసి పంపుతారు.

దీని పక్కనే ఉత్తరాల చివర వచ్చే ‘ప్లీజ్ అడ్వైజ్’. నేను దిద్దే తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇక్కడే, ఎస్ ఉండాల్సిన చోట సి. ప్లీజ్ తర్వాత ఫలానా పని చేయండి అంటున్నాం కాబట్టి క్రియే రావాలి. ‘ప్లీజ్ కమ్’, ‘ప్లీజ్ వెయిట్’ లాగే ‘ప్లీజ్ అడ్వైజ్’. వ్యాకరణం అంతవరకు సరే. అయితే ఈ మాటను ఉత్తరం చివర ఊరికే తగిలించడం నాకు నచ్చదు. దేని గురించి అడ్వైజ్ చేయాలి, ఎప్పటిలోగా? చదివేవాళ్లకు టెన్షన్ తప్ప సమాచారం లేదు. ‘ఎల్లుండిలోగా ఈ రెండిట్లో ఏది తీసుకోవాలో చెప్పండి’ అని సూటిగా రాస్తే అడ్వైజ్ అవసరమే రాదు.

ఈ డిక్షనరీలో నాకు నచ్చిన ఇంకో విషయం స్థాయిల గుర్తులు. నేర్చుకునేవాళ్లకు ముఖ్యమైన 3000 పదాలను ‘ఆక్స్‌ఫర్డ్ 3000’ అనే జాబితాగా చేసి, ఒక్కోదానికి ఎ1 నుంచి బి2 దాకా స్థాయి ఇచ్చారు. అందులో అడ్వైస్ ఎ1, అంటే అన్నిటికంటే కింది మెట్టు. అడ్వైజ్ బి1, రెండు మెట్లు పైన. చూడటానికి ఒకే కుటుంబం కదా, ఇంత దూరం ఎందుకని అనిపిస్తుంది. ఆలోచిస్తే సబబే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నామవాచకం ఒక్కటి చాలు. ‘గివ్’ కలిపితే ఇవ్వడం, ‘టేక్’ కలిపితే పాటించడం, ‘ఆస్క్ ఫర్’ కలిపితే అడగడం. అడ్వైజ్ అనే క్రియ మామూలు మాటల్లో కాస్త గంభీరంగా వినిపిస్తుంది. డాక్టర్లు, లాయర్లు, అధికారులు అడ్వైజ్ చేస్తారు. స్నేహితులు అడ్వైస్ ఇస్తారు. మన ‘సలహా ఇవ్వడం’ కూడా ఇలా రెండు ముక్కల్లోనే ఉంది కాబట్టి ‘గివ్ అడ్వైస్’ మనకు సహజంగా పట్టుబడుతుంది. అనుమానం వచ్చినప్పుడల్లా ఆ రూపానికి వెళ్లిపొమ్మని నేను చెప్తాను. ఎందుకంటే ‘గివ్’తో ‘టు మీ’ సమస్య కూడా తీరిపోతుంది. ‘గేవ్ మీ అడ్వైస్’ సరే, ‘గేవ్ అడ్వైస్ టు మీ’ కూడా సరే.

స్పెల్లింగు చూసే సాఫ్ట్‌వేర్ ఉండగా డిక్షనరీ ఎందుకని అడిగేవాళ్లుంటారు. పాత రకం స్పెల్ చెకర్ ప్రతి పదాన్నీ తన దగ్గరున్న జాబితాతో పోల్చి చూస్తుంది, అంతే. ఈ రెండు పదాలూ జాబితాలో ఉంటాయి. దేన్ని ఎక్కడ రాసినా అది నోరెత్తదు. ‘ఐ నీడ్ యువర్ అడ్వైజ్’ అని రాసినా కింద గీత పడదు. సి ఉంచి చివర ‘డ్’ చేర్చిన రూపం ఇంగ్లీషులో లేనే లేదు కాబట్టి దాన్ని మాత్రం పట్టుకుంటుంది. ఇప్పటి గ్రామర్ టూల్స్ చుట్టుపక్కల పదాలను కూడా చూస్తాయి, కాబట్టి చాలాసార్లు సరిగ్గానే దిద్దుతాయి. అయినా నేను వాడిన ఒక టూలు ‘థాంక్యూ ఫర్ ఆల్ యువర్ అడ్వైసెస్’ అన్న వాక్యంలో సి తీసి ఎస్ పెట్టమంది. నామవాచకం ఉండాల్సిన చోట క్రియను కూర్చోబెట్టింది! రాసిన మనిషి దాన్ని నమ్మి నొక్కేశారు, ఉత్తరం నా దగ్గరికి అలాగే వచ్చింది. తీసేయాల్సింది బహువచనం. టూలు దాని జోలికే పోలేదు. కారణం చెప్పని దిద్దుబాటు ఇలాంటి చోటే ముంచుతుంది.

‘ఐస్’ చిట్కా కూడా అంతే. సి ఉన్న పదం చివర ఐస్ అనే ఇంగ్లీషు మాట స్పెల్లింగుతో సహా దాగి ఉంది, ఐస్ ఒక వస్తువు కాబట్టి అది నామవాచకం అని పిల్లలకు చెప్తుంటారు. మంచి చిట్కా. నేనూ చెప్తాను. ‘డివైస్’, ‘డివైజ్’ జంటకు కూడా అచ్చంగా పనిచేస్తుంది. అక్షరం గుర్తుంటుంది, ఉచ్చారణ కూడా గుర్తుంటుంది. వాక్యం కట్టడం మాత్రం ఐస్ నేర్పదు. ‘అడ్వైసెస్’ రాసినవాళ్లకు సి ఎక్కడుండాలో తెలుసు. అయినా వాక్యం తప్పింది.

ఇప్పుడు పోలిక కోసం పక్కన పెట్టిన రెండో డిక్షనరీ, కాలిన్స్ కోబిల్డ్. బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో జాన్ సింక్లెయిర్ నాయకత్వంలో తయారై 1987లో వచ్చింది. నిజంగా వాడుకలో ఉన్న ఇంగ్లీషును కంప్యూటర్‌లో పెద్ద ఎత్తున పోగుచేసి, దాని ఆధారంగా రాశారు. దీని పద్ధతి నాకు చాలా ఇష్టం. అర్థాన్ని ముక్కగా ఇవ్వరు, పూర్తి వాక్యంగా చెప్తారు. మీరు ఎవరినైనా ఫలానా పని చేయమని అడ్వైజ్ చేస్తే, వాళ్లు అది చేయాలని మీకు అనిపిస్తున్నట్టు చెప్తున్నారన్నమాట, అనే ధోరణిలో ఉంటుంది. అర్థం చదువుతుండగానే మనిషి ఎక్కడ రావాలో, ‘టు’ ఎక్కడ రావాలో కళ్లబడుతుంది. గుర్తులు, కోడ్‌లు నేర్చుకోవాల్సిన పని లేదు. అడ్వైస్ దగ్గర కూడా ‘గివ్’ను కలుపుకునే అర్థం చెప్తారు.

రెండిట్లో ఏది అని అడిగితే, చదివి అర్థం చేసుకోవడానికి, టీచరు లేకుండా సొంతంగా నేర్చుకునేవాళ్లకు కోబిల్డ్ హాయిగా ఉంటుంది. రాసేటప్పుడు పక్కన పెట్టుకోవడానికి నాకు ఆక్స్‌ఫర్డే కావాలి. పని మధ్యలో ఉన్నప్పుడు పూర్తి వాక్యం చదివే తీరిక ఉండదు. ప్యాటర్న్ వరస మీద కన్ను వేసి, నా వాక్యానికి సరిపోయేది ఏరుకుని వెళ్లిపోవాలి. ఆ పనికి దీని అమరిక కుదిరినట్టు ఇంకోటి కుదరలేదు.

కుటుంబంలో మిగతావాళ్ల గురించి నాలుగు మాటలు. సలహా ఇచ్చే మనిషిని రాయడానికి చివర ‘ఇఆర్’ పెట్టినా ‘ఓఆర్’ పెట్టినా సరే, రెండూ వాడుకలో ఉన్నాయి. ఒక ఉత్తరంలో ఒకటే వాడితే చాలు. క్రియ నుంచి వచ్చే మాటలన్నీ, అడ్వైజర్, అడ్వైజరీ, అడ్వైజబుల్, అన్నీ ఎస్ వైపే. సి వైపు అడ్వైస్ ఒక్కటే ఒంటరిగా నిలబడుతుంది. ఇది గుర్తుంటే కుటుంబం మొత్తం సగం గుర్తున్నట్టే. ‘ప్రాక్టీస్’, ‘లైసెన్స్’ మాత్రం ఈ జంటలా అనుకోకూడదు. బ్రిటిష్ పద్ధతిలో అవి నామవాచకానికి సి, క్రియకు ఎస్ అని విడిపోతాయి గానీ పలకడం మాత్రం ఒకటే. అమెరికన్లు ప్రాక్టీస్‌కు రెండుచోట్లా సి, లైసెన్స్‌కు రెండుచోట్లా ఎస్ రాస్తారు. అడ్వైస్, అడ్వైజ్ విషయంలో ఇద్దరికీ పేచీ లేదు. ఏ దేశపు ఇంగ్లీషు రాసినా ఒకటే నియమం.

వెబ్‌సైటులో ఎంట్రీ కింద ‘వర్డ్ ఆరిజిన్’ అని ఒక భాగం ఉంటుంది, నొక్కితే తెరుచుకుంటుంది. తొందరలో ఎవరూ నొక్కరు. తీరిక ఉన్నప్పుడు చూడండి. ఈ పదం పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్‌లో ‘చూడటం’ అనే ధాతువు ఉంది. విజన్, వీసా కూడా ఆ ధాతువు పిల్లలే. ఒకరికి ఒక సంగతి ఎలా కనిపించిందో అదే వాళ్ల అభిప్రాయం, ఆ అభిప్రాయం నుంచే సలహా అనే అర్థం వచ్చింది. మొదట్లో మధ్యలో డి కూడా లేదు. లాటిన్ తెలిసినవాళ్లు తర్వాత తెచ్చిపెట్టారు.

ఈ డిక్షనరీ ఎవరికి నప్పదో కూడా చెప్పాలి. ఇంగ్లీషు ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవాళ్లకు ఇది బరువు. అర్థాలు తేలిక మాటల్లోనే రాసినా ఆ అర్థాలు కూడా ఇంగ్లీషులోనే కదా ఉన్నాయి. వాళ్లు మంచి ఇంగ్లీషు–తెలుగు నిఘంటువుతో మొదలుపెట్టి, వాక్యాలు రాయడం వచ్చాక ఇటు రావాలి. ఇంకో సంగతి, ముందు పేజీల్లో ఉన్న గుర్తుల వివరణ చదవకుండా ఈ పుస్తకం వాడితే సగం వదిలేసినట్టే. అన్‌కౌంటబుల్ గుర్తు, ప్యాటర్న్‌ల వరస అర్థం కాకపోతే ఇదీ మామూలు డిక్షనరీలాగే మిగులుతుంది.

అచ్చు పుస్తకమా, వెబ్‌సైటా? ఉచ్చారణ వినాలి కాబట్టి వెబ్‌సైటు తప్పదు. అయితే ఈ జంటకు అచ్చు పుస్తకంలో ఒక లాభం ఉంది. సి పదం, ఎస్ పదం, వాటి బంధువులు అన్నీ అక్షరక్రమంలో ఒకే చూపులో పడతాయి. వెబ్‌సైటులో ఒక్కో పదానికి ఒక్కో పేజీ, కాబట్టి రెండు ట్యాబ్‌లు తెరిచి పక్కపక్కన పెట్టుకోండి. ఆ తర్వాత మూడో ట్యాబ్‌లో ‘సజెస్ట్’ తెరవండి. ‘అడ్వైజ్డ్ మీ టు గో’ సరైన వాక్యం కాబట్టి ‘సజెస్టెడ్ మీ టు గో’ కూడా సరేననుకుంటారు చాలామంది. సజెస్ట్ దగ్గరున్న ప్యాటర్న్ వరసలో ఆ రూపం కోసం వెతకండి. దొరకదు. దాని బదులు ‘సజెస్టెడ్ దట్ ఐ గో’, ‘సజెస్టెడ్ గోయింగ్’ కనిపిస్తాయి.